ఇంటి దగ్గరే కారుకు రంగు: స్ప్రే గన్ ఎంపికపై విశాఖ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు మా వీధిలోని తురాయి చెట్టు కొమ్మ విరిగి మా పాత మారుతి బోనెట్ మీద పడింది. ఊళ్లో ఎన్నో కార్లది అదే గతి. గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా "నెల ఆగి రండి" అన్నారు. ఆగలేక నేనే గన్ను పట్టాను. ఆ బోనెట్‌ను మూడుసార్లు రుద్ది మూడుసార్లు వేశాను. అప్పట్నుంచి పెందుర్తిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా కార్లకీ, చుట్టాల కార్లకీ రంగు వేస్తూనే ఉన్నాను. "బావా, నేనూ ఇంట్లోనే వేసుకుందామనుకుంటున్నా, ఏ గన్ను కొనమంటావ్?" అని ఫోన్ చేసేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు అడిగినవీ, అడగాల్సి ఉండి అడగనివీ ఇక్కడ రాస్తున్నాను.

ఇంతకీ ఏ గన్ను కొనాలి? ఒక్క ముక్కలో చెప్పండి.

పైన కప్పు ఉండే గ్రావిటీ గన్ను, 1.3 లేదా 1.4 నాజిల్ (రంగు బయటికొచ్చే రంధ్రం వెడల్పు, మిల్లీమీటర్లలో), మీ కంప్రెసర్ ఇవ్వగలిగిన దానికన్నా తక్కువ గాలి తాగేది. మొదటి రెండూ ఏ దుకాణంలోనైనా చెప్తారు. మూడోదాని గురించి ఎవరూ అడగరు. ఇంటి దగ్గర చెడిపోయిన పనులు నేను చూసినంతలో ఎక్కువ ఆ మూడోదాని దగ్గరే చెడ్డాయి.

నా దగ్గర 2 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది. సరిపోదా?

హెచ్‌పీ అన్నది మోటారు బలం. గన్నుకు కావాల్సింది నిమిషానికి ఇంత గాలి అన్న లెక్క. దాన్ని సీఎఫ్‌ఎంలో చెప్తారు. 1 సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్ల గాలి. కంప్రెసర్ మీద అచ్చేసిన అంకె చాలాసార్లు పిస్టన్ కదిలినప్పుడు ఊడ్చే ఖాళీకి లెక్క. ట్యాంకులోకి నిజంగా చేరే గాలి అందులో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా ఉంటుంది. 1 హెచ్‌పీకి 3 నుంచి 4 సీఎఫ్‌ఎం, 2 హెచ్‌పీకి 6 నుంచి 7, ఇలా వేసుకుంటే మోసపోరు.

అంచనా ఎందుకు, మీ కంప్రెసర్‌ను మీరే కొలుచుకోండి. ట్యాంకులో 4 బార్ ఉన్నప్పుడు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి, 6 బార్‌కు చేరగానే ఆపండి. ట్యాంకు 50 లీటర్లదైతే, 2 బార్ పెరిగింది కాబట్టి 50ని 2తో హెచ్చించండి. 100 లీటర్ల గాలి లోపలికి వెళ్లిందన్నమాట. దానికి 40 సెకన్లు పట్టిందనుకోండి, నిమిషానికి 150 లీటర్లు, అంటే 5 సీఎఫ్‌ఎం పైచిలుకు. ఇదే మీ అసలు అంకె. ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని గన్ను కొనడానికి వెళ్లండి.

ఇప్పుడు 11 సీఎఫ్‌ఎం తాగే గన్నును ఈ 5 సీఎఫ్‌ఎం కంప్రెసర్‌కు తగిలిస్తే ఏమవుతుందో చూడండి. 8 బార్‌తో నిండిన 50 లీటర్ల ట్యాంకు రెండున్నర నిమిషాల్లోపే ఖాళీ అయిపోతుంది. నా మొదటి బోనెట్‌కు సరిగ్గా ఇదే జరిగింది. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టాను. మొదటి మూడు వరసలు పట్టులా పడ్డాయి. నాలుగో వరసలో గన్ను చప్పుడు మారింది, "స్..." అని సాగేది "ఫు... ఫు" అని తెగడం మొదలైంది. రంగు పొగలా రావడం మానేసి చుక్కలుగా రాలింది. నడిమధ్య నుంచి కుడి అంచు దాకా బోనెట్ అంతా గరుకు. గన్నుదే లోపమనుకుని తీసుకెళ్లి ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీకి చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "గన్ను సంగతి తర్వాత సూద్దారి గానీ, ముందు నీ కాడ గాలెంతున్నాది బాబూ?" అన్నాడు. నేను 1 హెచ్‌పీ అనగానే తల అడ్డంగా ఊపాడు.

హెచ్‌వీఎల్‌పీ, ఎల్‌వీఎల్‌పీ, మామూలు గన్ను: ఏమిటి తేడా?

మామూలు గన్ను మన షెడ్లలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నది. 40 నుంచి 60 పీఎస్‌ఐ ఒత్తిడితో (సుమారు 14.5 పీఎస్‌ఐ ఒక బార్) రంగును సన్నగా చీలుస్తుంది. నునుపు బాగా వస్తుంది. కానీ ఆ వేగానికి రంగు తుంపర రేకుకు తగిలి వెనక్కి ఎగిరిపోతుంది. కప్పులో పోసినదాంట్లో సగానికి పైగా గాలిపాలే. షెడ్డులో అది మేస్త్రీ ఖర్చు. ఇంట్లోనైతే ఆ పొగంతా మీ గోడ మీద, పక్కింటి వాళ్లు ఆరేసిన బట్టల మీద పడుతుంది.

హెచ్‌వీఎల్‌పీ అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. గన్ను మూతి దగ్గరుండే ఎయిర్ క్యాప్‌లో ఒత్తిడి 10 పీఎస్‌ఐ దాటదు. తుంపర నెమ్మదిగా వెళ్లి రేకుకు అంటుకుంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా వాయు కాలుష్య నిబంధనలు ఇలాంటి గన్నుల నుంచి కనీసం 65 శాతం రంగు వస్తువుకు అంటాలని అడుగుతాయి. రంగు మిగులుతుంది, పొగ తగ్గుతుంది. కాకపోతే పేరులోనే ఉంది కదా, గాలి విపరీతంగా కావాలి. ఎక్కువ మోడళ్లు 10 నుంచి 14 సీఎఫ్‌ఎం అడుగుతాయి.

ఎల్‌వీఎల్‌పీలో గాలీ తక్కువే, ఒత్తిడీ తక్కువే. 5, 6 సీఎఫ్‌ఎంతో నడిచేవి దొరుకుతాయి. ఫ్యాన్, అంటే విసనకర్రలా విచ్చుకునే తుంపర, కాస్త చిన్నగా ఉంటుంది, చెయ్యి నెమ్మదిగా కదపాలి. కారంతా ఒకేసారి వేసేవాళ్లకు విసుగు తెప్పిస్తుంది. ఒక్కో డోరు, ఒక్కో బంపరు వేసుకునే ఇంటివాళ్లకు చక్కగా సరిపోతుంది.

నా సలహా ఇది. 2 హెచ్‌పీ ఉంటే ఎల్‌వీఎల్‌పీ కొనండి. 3 హెచ్‌పీ, 100 లీటర్లకు పైబడిన ట్యాంకు ఉంటే చిన్న హెచ్‌వీఎల్‌పీ గన్నుకు వెళ్లొచ్చు, వరసకూ వరసకూ మధ్య ట్యాంకు నిండేదాకా ఆగే ఓపిక ఉండాలి. 1 హెచ్‌పీ ఉంటే పెద్ద గన్ను జోలికి పోకండి. 0.8 లేదా 1.0 నాజిలున్న మినీ గన్ను తీసుకుని అద్దాల డొప్పలు, గీతలు, బంపరు మూలలతో సరిపెట్టుకోండి. ఒక జాగ్రత్త: పెట్టె మీద హెచ్‌వీఎల్‌పీ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. కాగితంలో ఎన్ని సీఎఫ్‌ఎం, ఎంత ఇన్‌లెట్ ఒత్తిడి (గన్నులోకి వెళ్లే గాలి ఒత్తిడి) అని రాశారో చూడండి. ఆ రెండు అంకెలూ లేని గన్ను నేను కొనను.

కప్పు పైన ఉండాలా, కింద ఉండాలా?

పైన. రంగు తన బరువుకే కిందికి దిగుతుంది కాబట్టి తక్కువ ఒత్తిడి చాలు, ఆఖరి చుక్క దాకా వాడొచ్చు. పైకప్పు గన్నుల్లో 600 మిల్లీలీటర్లు సాధారణం. అది రెండు డోర్లకు చాలు. కింద డబ్బా ఉండే సక్షన్ గన్ను లీటరు దాకా పడుతుంది గానీ రంగును పైకి లాగడానికే గాలి ఖర్చవుతుంది, అడుగున రంగు మిగిలిపోతుంది. గేట్లకు, గ్రిల్స్‌కు అది మంచిదే.

నాజిల్ సైజులు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఎన్ని కొనాలి?

రెండు గన్నులు చాలు. ఒకటి 1.3 లేదా 1.4, దానితో బేస్ కోటు (అసలు రంగు పొర), క్లియర్ కోటు (దానిమీద మెరుపునిచ్చే పారదర్శక పొర) రెండూ అవుతాయి. రెండోది 1.7 లేదా 1.8, ప్రైమర్ సర్ఫేసర్‌కు, అంటే రంగు కింద వేసే అడుగు పూతకు. ఈ రెండోది చౌకదైనా పర్వాలేదు, ప్రైమర్‌ను ఎలాగూ వాటర్ పేపర్‌తో రుద్దేస్తాం. స్ప్రే పుట్టీ వేయాలంటే 2.0 పైన కావాలి, అది ఇంట్లో అరుదు.

ఒక్క గన్ను కొని నాజిల్ మార్చుకుంటానంటారు కొందరు. మార్చొచ్చు, కానీ నాజిల్, సూది, ఎయిర్ క్యాప్ మూడూ కలిపి ఒక సెట్టు. నాజిల్ ఒక్కటే మారిస్తే సూది సరిగ్గా కూర్చోక రంగు కారుతుంది. పైగా ప్రైమర్ మురికి మూలల్లో దాక్కుని, తర్వాత క్లియర్ వేసేటప్పుడు బూడిదరంగు చుక్కగా బయటపడుతుంది. ఆ ఒక్క చుక్క కోసం డోరంతా మళ్లీ రుద్దాలి.

సాటా, అనెస్ట్ ఇవాటా లాంటి ఖరీదైన గన్ను కొంటే పని బాగా వస్తుందా?

మంచి గన్నుల్లో రంధ్రాలు కచ్చితంగా కోస్తారు. ఫ్యాన్ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేలా పడుతుంది. రోజూ నాలుగు కార్లు వేసే మేస్త్రీకి ఆ తేడా కూలి డబ్బుల్లో కనిపిస్తుంది. ఏడాదికి రెండు కార్లు వేసే మీకు అదే డబ్బు పెద్ద ట్యాంకుకు, గాలి ఫిల్టరుకు, మాస్కుకు పెడితే పనిలో ఇంకా ఎక్కువ తేడా కనిపిస్తుంది. నేను మధ్యరకం గన్నుతోనే వేస్తున్నాను. పైలట్, ఇవాటా వంటి పేరున్న బ్రాండ్ల చిన్న మోడళ్లలో ఒక లాభముంది: సూది, ప్యాకింగ్, నాజిల్ విడిగా దొరుకుతాయి. ఊరూ పేరూ లేని గన్నులో రబ్బరు రింగు పోతే గన్నే పోయినట్టు.

గోడలకు రంగు వేసే కరెంటు గన్ను ఉంది. దాంతో కారుకు వేయొచ్చా?

వద్దు. అది చిక్కటి రంగును గోడకు, గేటుకు కొట్టడానికి చేసినది. తుంపర మొరటుగా ఉంటుంది. మెటాలిక్ రంగైతే మచ్చలు మచ్చలుగా పడుతుంది.

వేసిన రంగులో నీటి బుడగల్లాంటివి వస్తున్నాయి. గన్ను మార్చాలా?

గన్ను మార్చినా వస్తాయి. అది గాలిలోని నీరు. విశాఖలో ఉంటూ దీన్ని పట్టించుకోకపోతే ఎంత మంచి గన్నైనా దండగే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనది సముద్రం ఒడ్డు. 30 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మీ కంప్రెసర్ నిమిషానికి 200 లీటర్లు లాగితే గంటకు 12 ఘనమీటర్లు. అంటే గంటలో పావు లీటరుకు పైగా నీరు ఆవిరి రూపంలో లోపలికి పోతోంది. గాలిని ఎనిమిది తొమ్మిది రెట్లు అదిమాక అది అంత ఆవిరిని మోయలేదు, చల్లబడగానే ఎక్కువ భాగం నీళ్లైపోతుంది. ట్యాంకు అడుగునున్న నట్టు విప్పి చూడండి, తుప్పు రంగులో టీ నీళ్లలా కారుతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందూ, మధ్యలో ఒకసారీ అది వదలాలి.

గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ అందరూ కొంటారు, కానీ కంప్రెసర్ మూతికే బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరిగానే దాన్ని దాటిపోయి గొట్టంలో చల్లబడి గన్నులోకి వస్తుంది. ట్రాప్‌ను కంప్రెసర్‌కు కనీసం ఏడెనిమిది మీటర్ల దూరంలో, గన్ను వైపు గోడకు బిగించండి. మధ్యలో గొట్టాన్ని ఒక తొట్టి నీళ్లలో రెండు చుట్లు ముంచి తీసుకెళ్తే గాలి ఇంకా చల్లబడుతుంది. మా షెడ్డులో పాత సిమెంటు కుండీ ఈ పనికే ఉంది. ఆఖర్న, ట్రాప్ తర్వాత సిలికా జెల్ గింజలున్న చిన్న డ్రైయర్ పెట్టండి. గింజల రంగు మారిందంటే అవి తేమ పీల్చేశాయని. చాలా రకాలను సన్నటి వేడిమీద ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు.

ఏ నెలలో, ఏ వేళలో వేయాలి?

సంక్రాంతి వెళ్లాక శివరాత్రి దాకా విశాఖలో ఇంతకన్నా మంచి కాలం లేదు. జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం, ఏప్రిల్, మే నెలల్లో ఉక్క. రోజులోనైతే ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదకొండు లోపు నాకు ఇష్టం. అంతకుముందు కారు పైకప్పు మీద మంచు తడి ఉంటుంది. ఆ తర్వాత సముద్రం గాలి లేచి దుమ్ము తెస్తుంది. పాతనగరం, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్లకు పోర్టు నుంచి వచ్చే నల్ల ధూళి సంగతి నేను చెప్పనక్కర్లేదు.

లోహానికి రంగు వేసే పనుల్లో ఒక నియమముంది: రేకు వేడి, మంచు బిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు మంచు బిందువు 26 దగ్గర ఉంటుంది. నీడలో రాత్రంతా చల్లబడిన డోరు 27 డిగ్రీలుంటే కంటికి పొడిగానే కనిపిస్తుంది, కానీ థిన్నర్ ఆరుతూ దాన్ని ఇంకా చల్లబరిచేసరికి తేమ పట్టేస్తుంది. పాతరకం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులు పాలు చల్లినట్టు తెల్లబారేది ఇందుకే. అలాంటి రోజుల్లో త్వరగా ఆరే థిన్నర్ వద్దు, నిదానంగా ఆరేది వాడండి. ఇంకా నయం, ఆ రోజు పని మానుకోండి.

మా ఇల్లు బీచ్‌కు దగ్గర. ఏమైనా వేరే జాగ్రత్త ఉందా?

ఉంది. ఉప్పు. పెదవాల్తేరు, భీమిలి, ఋషికొండ వైపు ఒక్క రాత్రి బయట పెట్టిన కారు మీద వేలితో రాసి నాలుకకు తగిలిస్తే తెలుస్తుంది. ఉప్పు మీద ప్రైమర్ వేస్తే కొన్ని నెలలకే రంగు కింద పొక్కులు లేస్తాయి, పొక్కు కింద తుప్పు. రుద్దడం అయ్యాక బోరు నీళ్లతో కాదు, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, వ్యాక్స్ తీసే ద్రావకంతో తుడిచి, వెంటనే ప్రైమర్ వేయండి. రుద్దిన రేకును రాత్రంతా ఖాళీగా వదిలేయకండి. గన్ను కూడా గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకోవాలి, లేకపోతే స్ప్రింగులు తుప్పు పట్టి ట్రిగ్గర్ పట్టేస్తుంది.

మాస్కు ఏది వాడాలి? కరోనాప్పటి ఎన్95 ఉంది.

ఎన్95 రంగు ధూళిని కొంత ఆపుతుంది. థిన్నర్ ఆవిరిని అసలు ఆపదు. ముక్కుకు కట్టుకున్న కర్చీఫు సంగతి సరేసరి.

దయచేసి ఈ జవాబు రెండుసార్లు చదవండి. ఇప్పుడు కార్లకు వాడే టూకే (రెండు భాగాలు కలిపి వాడే) రంగుల్లో, క్లియర్ కోట్లలో పొరను గట్టిపరిచే హార్డెనర్ కలుపుతాం. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. డబ్బాలో ఉన్నంతసేపూ పెద్ద ప్రమాదం లేదు, గన్నులోంచి తుంపరగా మారినప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అవి ఆస్తమా తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కాస్త తగిలినా ఊపిరి ఆడదు, ఆ మనిషి ఇక ఈ పని చేయలేడు. వాటికి వాసన తెలిసేసరికే అవి హద్దు దాటి ఉంటాయి కాబట్టి "వాసన రావట్లేదులే" అన్న ధైర్యం పనికిరాదు. చర్మం గుండా, కళ్ల గుండా కూడా తగులుతాయి.

వీటికి సరైన రక్షణ బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు. దాన్ని మామూలు ఆయిల్ కంప్రెసర్‌కు నేరుగా తగిలించకూడదు. పీల్చడానికి పనికొచ్చేలా వడగట్టే ఫిల్టర్లు వేరే ఉండాలి, పైగా ఆ మాస్కూ గాలి తాగుతుంది, మన గాలి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. థిన్నర్ లాంటి వాటి ఆవిరిని పీల్చుకునే రెండు గుళికల ఆర్గానిక్ వేపర్ మాస్కు, గుళికల ముందు తుంపరను ఆపే ఫిల్టరు కూడా ఉంటే, హార్డెనర్ లేని రంగులకు, థిన్నర్‌కు సరిపోతుంది. ఐసోసైనేట్ల విషయంలో అది ఎప్పుడు పని మానేసిందో మీకు తెలిసే దారి లేదు.

అందుకని నా పద్ధతి ఇది, చుట్టాలకూ ఇదే చెప్తాను. సొట్టలు తీయడం, పుట్టీ, రుద్దడం, హార్డెనర్ లేని ప్రైమర్, బేస్ కోటు ఇంటి దగ్గర. టూకే క్లియర్ మాత్రం ఆటోనగర్‌లో బూత్ (రంగు వేయడానికే కట్టిన మూసిన గది) ఉన్న షెడ్డులో. బేస్ వేసిన కారును ఎంతసేపట్లో క్లియర్‌కు అందించాలో రంగు డబ్బా కాగితంలో ఉంటుంది, ముందే షెడ్డు వాళ్లతో టైము మాట్లాడుకోండి. ఖర్చులో పెద్ద భాగం మిగిలేది రుద్దుడు పనిలోనే కాబట్టి మీరేం నష్టపోరు. పిల్లలున్న ఇంట్లో టూకే కొట్టడం నాకు నచ్చదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం వేసుకోవచ్చా?

వేయొద్దు. థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు, సెల్లార్ అడుగున పరుచుకుంటుంది. అక్కడ మోటారు స్విచ్చు, జనరేటరు, వాచ్‌మన్ గది గ్యాస్ పొయ్యి ఏదో ఒకటి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. సొంత ఇంట్లో వేసినా ముందు తులసికోట దగ్గర దీపం, దేవుడి గదిలో అగరుబత్తి, వంటింట్లో పొయ్యి ఆర్పించండి. షెడ్డు రెండువైపులా తెరిచి ఉండాలి. కంప్రెసర్‌ను రంగు వేసే చోటికి దూరంగా, గాలి వచ్చే వైపు పెట్టండి.

కరెంటు సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 9, 10 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు. ఏసీకి వేసే 16 ఆంపియర్ల పాయింటు నుంచే ఇవ్వండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, దూరం కావాలంటే గాలి గొట్టాన్ని పొడిగించుకోండి. గొట్టం లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 10 అయితే ఇంకా మంచిది.

కొత్త గన్ను తెచ్చాను. కారు మీద పెట్టేముందు ఎలా సెట్ చేసుకోవాలి?

గన్ను పిడి కింద చిన్న గేజ్ ఉన్న రెగ్యులేటర్ బిగించండి. ట్రిగ్గర్ నొక్కి గాలి వస్తుండగా మాత్రమే అంకె చదవాలి. వదిలేసినప్పుడు 40 చూపించేది నొక్కగానే 25కు పడిపోవచ్చు. హెచ్‌వీఎల్‌పీకి సాధారణంగా నొక్కినప్పుడు 25 నుంచి 30 పీఎస్‌ఐ, అసలు అంకె గన్ను కాగితంలో ఉంటుంది.

గోడకు పాత దినపత్రిక అంటించండి. రంగు కలిపి, జల్లెడ కాగితంలో వడగట్టి, కప్పులో పోయండి. జానెడు దూరంలో గన్ను పట్టి, కదపకుండా ఒక్క క్షణం నొక్కి వదలండి. కాగితం మీద నిలువుగా ఒక కోడిగుడ్డును సాగదీసినట్టు ముద్ర పడాలి, పైనా కిందా మధ్యా ఒకే చిక్కదనంతో. మధ్యలో చిక్కగా, చివర్లు వెలితిగా ఉంటే గాలి చాలట్లేదు లేదా రంగు చిక్కగా ఉంది. నడుము సన్నబడి 8 అంకెలా పడితే ఒత్తిడి ఎక్కువైంది. అర్ధచంద్రంలా ఒకవైపు వంగితే ఎయిర్ క్యాప్ చెవుల్లో ఒక రంధ్రమో, నాజిలో మూసుకుపోయి ఉంటుంది. క్యాప్‌ను సగం తిప్పి మళ్లీ కొట్టండి. వంపు కూడా తిరిగితే తప్పు క్యాప్‌లోది, తిరగకపోతే నాజిల్‌లోది.

ఇవన్నీ సరిపోయాక ఒక పాత రేకు మీద వరసలు వేయండి. మణికట్టు తిప్పకూడదు, చెయ్యంతా కదలాలి. రేకు అంచుకు ముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాక వదలాలి. ప్రతి వరసా ముందు వరస మీద కనీసం సగం ఎక్కాలి.

నారింజ తొక్కలా వచ్చింది / కారిపోయింది / చేపకళ్లలా గుంటలు పడ్డాయి. తప్పు ఎక్కడ?

నారింజ తొక్క: గాలి తక్కువ, రంగు చిక్కన, లేదా గన్ను దూరం. కారడం: చెయ్యి నెమ్మది, గన్ను మరీ దగ్గర, లేదా మొదటి కోటు ఆరకముందే రెండోది. చేపకళ్లు మాత్రం గన్ను తప్పు కాదు, నూనె. డాష్‌బోర్డు పాలిష్‌లో ఉండే సిలికాన్, కంప్రెసర్ ఆయిల్, ఆఖరికి తలకు రాసుకున్న కొబ్బరినూనె చెమటతో కలిసి నుదుటి మీంచి కారినా చాలు. రంగు వేసే రోజు తలకు గుడ్డ కట్టుకోండి, ద్రావకంతో తుడిచిన రేకును ఉత్త చేత్తో తాకకండి.

మెటాలిక్ సిల్వర్‌కు వేరే గన్ను కావాలా?

అదే 1.3 చాలు, కానీ సిల్వర్‌తో మొదలుపెట్టొద్దు. అందులోని అల్యూమినియం పలుకులు పడుకునే తీరును బట్టి రంగు మారుతుంది. తడిగా పడితే ముదురు, పొడిగా పడితే లేత. అదే డబ్బాలోని రంగుతో వేసినా కొత్త డోరు పక్క డోరుతో కలవదు. తెలుపుతో చెయ్యి కుదురుకున్నాక సిల్వర్‌కు రండి.

గన్ను ఎలా కడగాలి?

పని అయిన మరుక్షణం. హార్డెనర్ కలిపిన రంగు గన్నులో గట్టిపడితే ఏ థిన్నరూ దాన్ని కరిగించదు. కప్పు ఖాళీ చేసి, కాస్త థిన్నర్ పోసి తుడిచి, ఇంకాస్త పోసి పాత డబ్బాలోకి కొట్టండి, తేటగా వచ్చేదాకా. తర్వాత ఎయిర్ క్యాప్, సూది, నాజిల్ ఈ వరసలో విప్పి మెత్తటి బ్రష్‌తో కడగండి. సూదిని బయటికి లాగాకే నాజిల్ విప్పాలి. రంధ్రాల్లో గుండుసూది, ఇనుప తీగ పెట్టకండి, వెంట్రుకంత గీత పడినా ఫ్యాన్ వంకరపోతుంది. టూత్‌పిక్ చాలు. గన్ను మొత్తాన్ని రాత్రంతా థిన్నర్‌లో ముంచి ఉంచితే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి.

సెకండ్ హ్యాండ్ గన్ను తీసుకోవచ్చా?

మంచి బ్రాండుదైతే తీసుకోవచ్చు. సూది విప్పి గచ్చు మీద దొర్లించండి, వంగి ఉంటే కొన తిరుగుతూ కనిపిస్తుంది. కప్పులో థిన్నర్ పోసి ట్రిగ్గర్ ముట్టుకోకుండా పది నిమిషాలు ఉంచండి, మూతి దగ్గర ఒక్క చుక్క కూడా రాకూడదు. దినపత్రిక పరీక్ష అక్కడే చేయించమని అడగండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

తెల్ల కారును నల్లగా మార్చేస్తే ఎవరికైనా చెప్పాలా?

చెప్పాలి. రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది. మార్చేముందు ఆర్టీఏలో అడిగి, ఆర్‌సీలో మార్పించుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయండి. ఉన్న రంగే మళ్లీ వేస్తే ఈ తిరుగుడు అక్కర్లేదు.

మొదటిసారే కారంతా వేసేయొచ్చా?

ముందు పాత ఇనుము కొట్లో ఒక బోనెట్ కొనండి. ఏ కారుదైనా సరే, తుప్పు పట్టినా సరే. తూకానికి ఇస్తారు. షెడ్డులో రెండు స్టూళ్ల మీద ఏటవాలుగా నిలబెట్టి, రుద్ది, ప్రైమర్ వేసి, బేస్ వేయండి. ఎండలో పెట్టి చూడండి. మళ్లీ రుద్దండి, మళ్లీ వేయండి. నాలుగోసారికి మీ గన్ను చప్పుడు మీకు తెలుస్తుంది, గాలి తగ్గబోతోందని గేజ్ చూడకుండానే చెవి చెప్తుంది. అప్పుడు కారులో ఎవరూ పెద్దగా చూడని చోటుకు, వెనక బంపరు కింది భాగానికి వెళ్లండి. నా దగ్గర అలాంటి బోనెట్ ఒకటి ఇంకా ఉంది. హుద్‌హుద్‌లో కొమ్మ పడ్డదే. కొత్త రంగు డబ్బా తెరిచిన ప్రతిసారీ మొదటి వరస దాని మీదే వేస్తాను.